పాత స్విఫ్ట్‌కి బ్రేకులు, షాకప్‌లు మార్పించిన నా అనుభవం

2025 డిసెంబరులో శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్నాం. శిఖరం దాటి దోర్నాల వైపు దిగే మలుపుల్లో బ్రేక్ పెడల్ నా కాలి కింద మెత్తబడింది. మొదట కొంచెమే. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి, మామూలుగా సగంలో పట్టేసే పెడల్ దాదాపు అడుగుదాకా పోయింది. బండి ఆగింది కానీ, నేను ఆపాలనుకున్న చోట ఆగలేదు. వెనక సీట్లో అమ్మానాన్న, పక్కన మా అబ్బాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండో గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకి తీసి ఆపాను. అప్పటికి నా చేతులు వణుకుతున్నాయి. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వస్తోంది.

మా వెనకే దిగుతున్న లారీ డ్రైవరు కూడా ఆపాడు. మా అబ్బాయి నీళ్ళ బాటిల్ తీసుకుని చక్రం మీద పోయబోతుంటే "వద్దు బాబూ, డిస్కు వంకర పోద్ది" అని వారించాడు. "కాసేపు కూర్చోండమ్మా, చల్లారితే బ్రేకు అదే వస్తది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే ఏ బండికైనా ఇంతే" అన్నాడు. ఆయన చెప్పినట్టే ముప్పావుగంటకి పెడల్ మళ్ళీ గట్టిపడింది. దోర్నాల వరకు రెండో గేరు దాటలేదు. అక్కడినుంచి వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా విజయవాడ చేరేదాకా ఎక్కడా 60 దాటలేదు.

మా కారు నాన్న 2008లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్. పదిహేడేళ్ళలో తిరిగింది 84 వేల కిలోమీటర్లే. 2023లో పదిహేనేళ్ళు నిండినప్పుడు ఐదు వేలు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించాం. ఫిట్‌నెస్ పరీక్షలోనూ పాసైంది. తక్కువ తిరిగిన బండి, నాన్న చేతిలో పెరిగిన బండి అని ఇంట్లో అందరికీ ధీమా. ఇంజిన్ ఆయిల్ ఏటా మార్పించాం. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చామో మాత్రం నాన్నకి కూడా గుర్తులేదు.

మర్నాడు ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాను. బండి పైకి ఎత్తారు, పది నిమిషాలు టార్చి వేసి చూశారు, సాయంత్రానికి 46 వేల రూపాయల ఎస్టిమేట్ పంపారు. నాలుగు షాకప్‌లు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది), డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు, స్టీరింగ్ ర్యాక్, ఇంకా ఏవేవో. ఏది ఎందుకు మార్చాలని అడిగితే "పాత బండి కదా మేడమ్, అన్నీ పోయి ఉంటాయి" అన్నారు. ఆ మాటకి నాకు టెన్షన్ తగ్గలేదు, ఇంకా పెరిగింది. డబ్బు సంగతి అలా ఉంచితే, ఘాట్‌లో అసలు ఏమైందో వాళ్ళు చెప్పలేదు. అది తెలియకుండా 46 వేలు పెట్టినా మళ్ళీ అదే మలుపులో అదే జరగదని నమ్మకమేమిటి? నాన్న స్నేహితుడొకాయన దానికి పూర్తిగా ఎదురు మాట చెప్పారు. "ప్యాడ్లు వేయించు, రెండు వేలతో అయిపోతుంది" అని.

మేముండేది పటమటలో. ఆటోనగర్ పక్కనే. అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, ముప్పై ఏళ్ళుగా కార్ల కింద పనే చేస్తున్న ఒక మేస్త్రి గురించి మా కొలీగ్ చెప్పింది. ఇంజిన్ పని చేయడు. బ్రేకులు, షాకప్‌లు, స్టీరింగ్ మాత్రమే. నేను వెళ్ళి ఘాట్‌లో జరిగింది మొదలుపెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పెడల్ మెత్తబడిందా, గట్టిగా ఉండి ఆగలేదా?"

మెత్తబడిందన్నాను. "చల్లారాక దానంతటదే వచ్చిందా?" వచ్చిందన్నాను. "అయితే మీ బ్రేక్ ఆయిల్ ఉడికిందమ్మా" అన్నాడు.

తర్వాత పని చేస్తూనే విడమరచి చెప్పాడు. ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తే పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తగా లోపలికి పోతోందంటే ఆయిల్లో ఆవిరి బుడగలు లేచాయని. ఆయిల్ నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే మన కాలి బలం చక్రం దాకా చేరదు. చల్లారితే ఆవిరి మళ్ళీ ఆయిల్ అయిపోతుంది, పెడల్ వచ్చేస్తుంది. ఎక్కడైనా కారుతుంటే అలా తిరిగి రాదు.

మరి ఎందుకు ఉడికింది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తేమ చేరుతుంది. డాట్ 3 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తలో 230, తేమ చేరాక 155. మేస్త్రి తేమ చూసే పెన్ను లాంటి టెస్టరు మా బండి బ్రేక్ ఆయిల్ డబ్బాలో ముంచితే ఎర్ర లైటు వెలిగింది. ఆయిల్ రంగు టీ డికాషన్‌లా ఉంది. బండి తిరిగినా తిరగకపోయినా తేమ చేరుతూనే ఉంటుందని, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలని అన్నాడు. తక్కువ తిరిగిన బండి అన్న మా ధీమా అక్కడే సగం పోయింది.

మిగతా సగం బండి పైకెత్తాక పోయింది. ఆయన ఏ పార్టు పేరూ ముందుగా చెప్పలేదు. ఒక్కొక్కటీ విప్పి నా చేతికి ఇచ్చాడు. ముందు ఎడమ చక్రం ప్యాడ్లలో బయటిది ఐదు మిల్లీమీటర్లు ఉంది, లోపలిది రెండే. రెండూ ఒకేలా అరగాలి కదా అంటే, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయిందని చూపించాడు. పిన్ను కదలక లోపలి ప్యాడ్ ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూనే ఉంది. ఘాట్‌లో ఆ వేడంతా దానిదే. కొత్త ప్యాడ్లు మాత్రమే వేయించి ఉంటే, ఆ బిగిసిన పిన్ను వాటిని కూడా కొన్ని నెలల్లో తినేసేది. రెండు వేలతో అయిపోతుందన్న సలహా అక్కడ తేలిపోయింది.

డిస్కు అంచు మీద ఎంత మందం వరకు వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది. నాకు అది అప్పటిదాకా తెలియదు. వెర్నియర్ పెట్టి కొలిస్తే ఎడమది ఆ అంకె కంటే 0.4 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. కుడిది సరిగ్గా హద్దు మీద ఉంది. వెనక డ్రమ్ములు విప్పితే కుడివైపు, ఆయిల్ బలంతో బ్రేకుని తోసే వీల్ సిలిండర్ రబ్బరు కప్పు దగ్గర తడి. ఆ తడి డ్రమ్ముని రాసి ఆపే లైనింగ్ మీదికి కూడా చేరింది. డ్రమ్ములు మాత్రం బాగున్నాయి, వాటిని ఉంచేద్దామన్నాడు. ముందు చక్రాలకి వెళ్ళే రబ్బరు గొట్టాలని వంచి చూపిస్తే, వంపు దగ్గర పాత చెప్పు అట్టలా సన్నటి పగుళ్ళు.

మాస్టర్ సిలిండర్ సంగతి అడిగాను, ఎస్టిమేట్‌లో ఉంది కాబట్టి. ఇంజిన్ ఆన్ చేసి పెడల్ మీద కాలు ఒకే బలంతో ఒక నిమిషం నొక్కి ఉంచమన్నాడు. పెడల్ నెమ్మదిగా కిందికి దిగితే సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టు. దిగలేదు. "ఇప్పటికి బాగుంది. కానీ పదిహేడేళ్ళ రబ్బరు, నేను గ్యారంటీ ఇవ్వను" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

ఇక బండి కింద శబ్దం. గతుకుల రోడ్డు మీద ముందు నుంచి తక్ తక్ అని ఒక శబ్దం రెండేళ్ళుగా ఉంది. షాకప్‌లు పోయాయని మేమే తీర్మానించుకుని, మార్చితే ఖర్చని ఊరుకున్నాం. మేస్త్రి, మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ లింక్ రాడ్లు రెండూ విప్పేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆటోనగర్ గతుకుల్లోనే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు. శబ్దం చాలా వరకు పోయింది. బ్రేక్ వేసినప్పుడు మాత్రం ఒక్క దెబ్బ లాంటి చప్పుడు మిగిలింది. అది చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కి వెనక ఉండే బుష్ (రబ్బరు తొడుగు) చప్పుడు. గడ్డపలుగు పెట్టి ఒత్తితే ఆ బుష్ రబ్బరు చిరిగి నోరు తెరిచింది. ముందు టైర్లు లోపలి అంచున ఎందుకు అరుగుతున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. షాకప్‌లలో ముందు ఎడమది ఒక్కటే ఆయిల్ కారి మట్టి పట్టి ఉంది. వెనకవి పొడిగా ఉన్నాయి, డిక్కీ మీద బరువేసి వదిలితే ఒక్కసారి లేచి నిలిచిపోతోంది. స్టీరింగ్ ర్యాక్‌లో లూజు లేనే లేదు.

అంటే పోయినవన్నీ దాదాపు రబ్బరువే, ఇనుము కాదు. ఆయిల్, గొట్టాలు, సిలిండర్ కప్పు, పిన్ను మీది తొడుగు, బుష్. వీటికి కిలోమీటర్లతో పని లేదు. ఎండకీ, తేమకీ, ఏళ్ళకీ పోతాయి. నేను పార్టులు ఎంచుకున్న పద్ధతంతా ఈ ఒక్క సంగతి మీద నడిచింది. రబ్బరు ఉన్నది ఏదైనా కొత్తది, మంచిది, ఈ మధ్య తయారైనది కావాలి. ఇనుము కొలిచి బాగుంటే ఉంచుకోవాలి.

ఇంటికొచ్చి చెబితే నాన్న వెంటనే అన్న మాట "అన్నీ కంపెనీవే వేయించమ్మా". ఆయన తరం వాళ్ళకి పార్టుల్లో రెండే రకాలు, కంపెనీది, డూప్లికేటు. మేస్త్రి మాత్రం మూడు రకాలు అంటాడు. కారు కంపెనీ పేరుతో డబ్బాలో వచ్చేది మొదటిది. కార్ల కంపెనీలకి అవే పార్టులు తయారు చేసి ఇచ్చే వాళ్ళు సొంత పేరుతో బజారులో అమ్మేది రెండోది. పేరూ ఊరూ లేకుండా ప్లాస్టిక్ కవర్లో వచ్చేది మూడోది. కార్ల కంపెనీలు షాకప్‌లు, ప్యాడ్లు తమ ఫ్యాక్టరీలో చేసుకోవు. 1961లో మొదలైన గాబ్రియేల్ షాకప్‌లు, మద్రాసులో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా బ్రేకులు, రానే గ్రూపు లైనింగులు, స్టీరింగ్ పార్టులు కొత్త కార్లలో ఫ్యాక్టరీ నుంచే బిగించి వస్తాయి. అదే సంస్థ డబ్బాలో కొంటే చాలాసార్లు ధర తక్కువ. ఈ సంగతి నాన్నకి చెప్పి ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. చివరికి "బ్రేకుల్లో మాత్రం పేరులేనిది వద్దు" అన్నారు. అది నా మాట కూడా.

కొనడానికి మేస్త్రి చెప్పిన జాగ్రత్త ఒక్కటే. పార్టు పేరు కాదు, నంబరు చెప్పి అడగాలి. ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు తీసుకెళ్ళి కంపెనీ పార్టుల కౌంటరులో చూపిస్తే, మన బండికి సరిపడే పార్టు నంబర్లు కంప్యూటర్లో చూసి చెప్తారు. ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నాను. అది లేకపోతే ఎంత తికమక పడేదాన్నో తర్వాత తెలిసింది. బజారులో స్విఫ్ట్ అనగానే "టైప్ వన్నా, టైప్ టూనా" అని అడుగుతారు. 2011లో మోడల్ మారింది కాబట్టి మాది టైప్ వన్. పెట్రోలా డీజిలా అన్నది ఇంకో ప్రశ్న. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కనుక ముందు స్ప్రింగులు, షాకప్‌లు వేరుగా ఉంటాయి. ఒక షాపులో నాకు ఇచ్చిన రెండు షాకప్ డబ్బాల్లో ఒకటి పెట్రోల్‌ది, ఒకటి డీజిల్‌ది. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియలేదు. కాగితం మీది నంబరుతో పోల్చి చూశాను కాబట్టి బయటపడింది. షాపు కుర్రాడు సారీ చెప్పి వెంటనే మార్చి ఇచ్చాడు.

షాకప్ ఒక్కటే కారుతోంది కదా, ఒక్కటే మార్చొచ్చా అని నేనూ అడిగాను. ఒకే వరసలో ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు బండి ఒకవైపు వేరుగా స్పందిస్తుంది. అందుకని ముందువి రెండూ, బ్రేకుల్లో కూడా రెండువైపులా జతగానే తీసుకున్నాం. పైన ఉండే మౌంటింగు, బేరింగు, లోపలి బంప్ స్టాపు, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వేయించాను. అవి చవక, రబ్బరువి, పైగా వాటిని తర్వాత మార్చాలంటే మళ్ళీ మొత్తం విప్పాలి. స్ప్రింగులు పగుళ్ళు లేకుండా, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. వాటిని ఉంచేశాం.

ఆటోనగర్‌లో రిపేరు చేసిన షాకప్‌లు కూడా దొరుకుతాయి. పాతవి కోసి, ఆయిల్ నింపి, వెల్డింగు చేసి, నల్ల రంగు వేసి అమ్ముతారు. సగం ధర కూడా ఉండదు. చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. చేతితో నొక్కితే గట్టిగానే ఉన్నాయి. కానీ లోపలి వాల్వులు అవే పాతవి, ఆ వెల్డింగు ఎన్నాళ్ళు నిలుస్తుందో అమ్మేవాడికీ తెలియదు. డబ్బుకి ఇబ్బందిగా ఉండి అవే వేయించుకునే వాళ్ళని నేను తప్పుపట్టను. అమ్మానాన్నని ఎక్కించుకుని ఘాట్ దిగే బండికి మాత్రం నేను వేయించలేను.

ప్యాడ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాను. మొదట వెళ్ళిన షాపులో కంపెనీ డబ్బాలాగే ఉన్నదొకటి, బజారు ధరలో సగానికి ఇస్తామన్నారు. ప్రింటు అక్షరాలు అంచుల దగ్గర మసకగా ఉన్నాయి, హోలోగ్రామ్ స్టిక్కరు తిప్పి చూస్తే రంగు మారడం లేదు, నంబరు నా కాగితం మీది నంబరుతో చివర్లో కలవలేదు. బిల్లు ఇవ్వండి అంటే "బిల్లయితే వేరే రేటు" అన్నారు. బయటికొచ్చేశాను. తర్వాతి షాపులో సీలున్న డబ్బా తెరిచి ప్యాడ్ వెనక అంచు చూశాను. అక్కడ ముద్రించిన కోడ్ చివర్లో రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు ఎంతో చెప్తుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో. 'ఈ' (E) అక్షరం అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. నేను తీసుకున్న వాటి మీద రెండూ ఎఫ్‌లే. మొదటి అక్షరం ఎఫ్, రెండోది 'ఈ' ఉంటే వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందన్నమాట. నాకు ఘాట్ అనుభవం ఉంది కాబట్టి ఆ రెండో అక్షరమే ముఖ్యమైంది. ఎక్కువ ధర పెట్టి సెరామిక్ ప్యాడ్లు తీసుకోమని షాపు ఆయన అన్నారు. దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, నిజమే. కానీ మా బండికి ఫ్యాక్టరీలో ఏ రకం వేశారో ఆ రకంతోనే ఉందామనుకున్నాను.

డిస్కులు లేత్ పట్టిస్తే మూడు నాలుగు వందలతో నున్నగా అయిపోతాయన్నారు ఒకరిద్దరు. మందం ఉన్న డిస్కుకి అది మంచి పనే. మావాటిలో ఒకటి అప్పటికే హద్దు దాటింది, ఇంకోటి హద్దు మీదే ఉంది. ఇంకా చెక్కితే వేడిని మోసే ఇనుము ఇంకా తగ్గుతుంది. కొత్తవే కొన్నాను, జత 2,900. లోయర్ ఆర్మ్‌కి బుష్ ఒక్కటే మార్చి ప్రెస్ చేయించుకోవచ్చు. కానీ ఆర్మ్‌తో పాటు వచ్చే బాల్ జాయింటుకీ పదిహేడేళ్ళే కదా. ఆర్మ్ సెట్టే తీసుకున్నాను, జత మూడు వేలు. బుష్‌లు వేరుగా కొని, ప్రెస్‌కి, లేబరుకి ఇచ్చుకుంటే మిగిలేది పెద్దగా ఉండేది కాదు.

కొనేటప్పుడు ఇంకో సంగతి గమనించాను. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నేను కొన్నప్పుడు పాత స్టాకు డబ్బాల మీద పాత ఎమ్మార్పీయే ఉండేది. బిల్లులో పన్ను ఎంత వేశారో ఒకసారి చూసుకుంటే మంచిది. ఒక షాపులో నేను అడిగాకే సరిచేశారు.

బిగించిన రోజు సెలవు పెట్టి షెడ్డులోనే కూర్చున్నాను. మంచి పార్టు కూడా బిగించడంలో పాడైపోతుందని ఆ రోజు కళ్ళారా చూశాను. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని కుర్రాడు బండి గాల్లో ఉండగానే పూర్తిగా బిగించబోతుంటే మేస్త్రి కేకేశాడు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి కిందికి దించగానే బుష్ రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, ప్రతి గతుకుకీ ఇంకా మెలి పడి ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. ముందు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక కింద దూరి టార్క్ రెంచితో బిగించాలి. నాకు తెలిసి చాలా చోట్ల ఈ ఒక్క పనీ చేయరు. కొత్త బుష్‌లు ఆరు నెలలకే పోయాయని, పార్టు మంచిది కాదని తిట్టుకునే వాళ్ళు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

క్యాలిపర్ పిన్నులకి మామూలు గ్రీజు పెట్టలేదు. పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ తొడుగుల రబ్బరు ఉబ్బిపోతుంది, పిన్ను మళ్ళీ బిగుస్తుంది. బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు చిన్న ప్యాకెట్టు తెప్పించాడు. వెనక డ్రమ్ముల దుమ్ముని గాలి కొట్టి ఎగరగొట్టనివ్వలేదు, తడిపి తుడిపించాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదని కుర్రాళ్ళకి ఆయన చెబుతుంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆయిల్ డాట్ 4 పోయించాను. డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్‌తో చేసేవే, ఒకదాని బదులు ఇంకా మెరుగైనది వాడొచ్చు. డబ్బా మూత మీద రాసిన దానికంటే తక్కువది మాత్రం పోయకూడదు. డాట్ 5 అని సిలికాన్‌తో చేసేది వేరే ఉంది, దాన్ని వీటితో కలపనే కూడదు. పాత ఆయిల్ అంతా పోయి తేట ఆయిల్ వచ్చేదాకా, దూరంగా ఉండే ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగు చక్రాలకీ ఎయిర్ (గొట్టాల్లో చిక్కిన గాలి) తీశారు. నేను పెడల్ తొక్కుతానంటే సరేనన్నాడు. కానీ ముందుగా పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టాడు. ఏళ్ళ తరబడి పెడల్ సగం దూరమే కదులుతుంది కాబట్టి, మాస్టర్ సిలిండర్ లోపల మిగతా సగంలో తుప్పు, మురికి పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు అడుగుదాకా తొక్కితే లోపలి రబ్బరు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. చెక్క ముక్క ఉంటే అంత దూరం పోదు.

పార్టులు మొత్తం 17,350. లేబరు నాలుగు వేలు. బందరు రోడ్డులో వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగుకి 900. అన్నీ కలిపి 22,250 రూపాయలు. లోయర్ ఆర్మ్‌లు, షాకప్‌లు విప్పాక అలైన్‌మెంటు చేయించకపోతే కొత్త టైర్లు కూడా ఒక పక్కకి తినేస్తాయి.

కొత్త ప్యాడ్లు, డిస్కులు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వవు. తెల్లవారుజామున గన్నవరం వైపు హైవే మీద వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, 60 నుంచి 15 దాకా మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు చేశాను. తర్వాత మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేక్ కొట్టే అవసరం రాకుండా నడిపాను. గతుకుల్లో తక్ తక్ శబ్దం లేకపోవడం నాన్న మొదటి రోజే పట్టేశారు. "కొన్న రోజుల్లో ఇలా ఉండేది" అని ఒక్క మాటన్నారు.

ఫిబ్రవరిలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర కాలు బ్రేక్ మీద పెట్టి ఆగి ఉన్నాను. పెడల్ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగుతోంది. ఎత్తి మళ్ళీ తొక్కితే మామూలుగా ఉంది. మేస్త్రి చెప్పిన పరీక్ష అక్కడే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి చేస్తే నిమిషంలో రెండు అంగుళాలు దిగింది. ఎక్కడా తడి లేదు, డబ్బాలో ఆయిల్ తగ్గలేదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు. మొదటి వర్క్‌షాపు ఎస్టిమేట్‌లో రాసినదే. డిసెంబరులో పరీక్షించి బాగుందనుకున్నది రెండు నెలలకి పోయింది. ఆ రోజే మార్పించి ఉంటే మళ్ళీ ఎయిర్ తీసే లేబరు, కొత్త ఆయిల్ ఖర్చు కలిసొచ్చేవి. పదిహేడేళ్ళ రబ్బరు ఉన్నది ఏదైనా మార్చాలని నేను పెట్టుకున్న లెక్కని నేనే అక్కడ పాటించలేదు. కొత్త రబ్బర్ల కిట్ వేసి బాగుచేయొచ్చన్నారు కానీ, సిలిండర్ గోడ గరుకుగా ఉంటే కొత్త రబ్బరు కూడా నిలవదు. మొత్తం సిలిండరే కొత్తది వేయించాను. అదీ నంబరు చూసి, బిల్లు తీసుకుని.

వెనక షాకప్‌లు ఇంకా పాతవే. పొడిగానే ఉన్నాయి. 2028లో మళ్ళీ రెన్యూవల్‌కి వెళ్ళేలోపు వాటికి ఎటూ తప్పదు, అందాకా ఏడాదికోసారి పైకెత్తించి చూపిస్తాను. రోజూ పొద్దున బండి స్టార్ట్ చేశాక, గేరు వేసే ముందు, పెడల్ నొక్కి పట్టుకుని అరవై లెక్కపెడుతున్నాను. మా అబ్బాయి కూడా పక్కన కూర్చుని నాతో పాటు లెక్కపెడతాడు.